తవ్వకుండా వదిలిన సగం

నార్సింగిలో ఆ రోజు పురావస్తు తవ్వకాలు నేర్పిన మా గురువుగారి మీద నాకు పీకలదాకా కోపం వచ్చింది. అపార్ట్‌మెంట్ల పునాదుల కోసం నేల చదును చేస్తుంటే పెద్ద రాళ్ళ వలయం ఒకటి బయటపడింది. ఇనుప యుగం నాటి సమాధి. సాయంత్రం దాకా ఆగుతామన్నారు సైటువాళ్ళు. ఆ తర్వాత జేసీబీ దిగుతుంది. మధ్యాహ్నానికి సగం తవ్వేశాం. మిగిలిన సగం మీద సార్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఆయన పద్ధతే అంత. కుర్రతనంలో ఆయన పనిచేసిన చోట సమాధి మొత్తం తవ్వి, కుండలు దాచి, మట్టి పారబోసేవారట. తర్వాతి కాలంలో ఆనాటి మనుషులు ఏం తిన్నారో చెప్పే గింజలు, పుప్పొడి ఆ మట్టిలోనే దొరుకుతాయని తేలింది. అప్పటినుంచి తను తవ్విన ప్రతిచోటా సగం ముట్టకుండా వదిలేశారు.

“రేపు వచ్చెటోళ్లకు మనకన్నా మంచి పరికరాలుంటయి బిడ్డా. వాళ్ల వాటా మనం తినొద్దు.”

“రేపటిదాకా ఇది ఉంటే కదండీ!” అని అరిచాను. “మనం తియ్యకపోతే ఆ బండి తీసేస్తుంది.”

వెనకాల జేసీబీ గుర్రుమంటూనే ఉంది. సైటు ఇంజనీరు మళ్ళీ వచ్చాడు.

“సార్, జర జల్ది చేయుండ్రి. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. నా నౌకరీ పోతది.”

సార్ లేచి కుర్చీ తనే పక్కకు జరిపారు. “తవ్వు” అన్నారు. ఆ మాట కోసమే అంతసేపు పోట్లాడిన నాకు చేతులాడలేదు. ఆయనే ముందు మోకాళ్ళ మీద కూర్చుని తాపీ అందుకున్నారు.

పొద్దు వాలుతుండగా నల్లటి గిన్నె ఒకటి దొరికింది. పగల్లేదు. నిండా మట్టి. అలవాటుకొద్దీ మట్టి తీయబోయాను. సార్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

“ముట్టకు. ఇగ మనం వదిలే సగం గిదే.”

గిన్నెను తువ్వాలులో చుట్టి పైకెక్కాం. మేం గేటు దాటకముందే జేసీబీ బకెట్ నేలలో దిగిన చప్పుడు వినిపించింది. సార్ వెనక్కి చూడలేదు.

ఇప్పుడాయన లేరు. గిన్నె మా స్టోరుగదిలో అలాగే ఉంది. కొత్త యంత్రాలొచ్చాయి, ఆ మట్టి తీసి పరీక్షిద్దామని విద్యార్థులు అడుగుతుంటారు. ఇంకా మంచివి రానివ్వండని కసురుతాను. మంచివి ఎప్పుడో వచ్చేశాయని నాకూ తెలుసు. ఆ మట్టి కదపడానికి మనసొప్పడం లేదు.