అడిగితే వచ్చే తలుపు

డుంబ్రిగుడలో ఒక జీపు మెకానిక్ ఉండేవాడు. ఆయన తియ్యలేని తలుపు లేదని మండలమంతా పేరు. ముందు వేలి కణుపుతో అద్దాన్ని రెండుసార్లు తట్టేవాడు, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళ్లినట్టు.

"అడిగితే వచ్చేత్తాది మేష్టారూ" అని, అప్పుడు రబ్బరు సందులోంచి సన్నటి రేకు దింపేవాడు.

మా బడి దగ్గర రెండేళ్లుగా ఒక సంత జీపు తాళం వేసి పడుంది. నడిపేవాడు జ్వరంతో పోయాడు. తాళంచెవి ఏమైందో తెలీదు, కాగితాలు లేవు. డాష్‌బోర్డు అరలో అతని ఫొటో ఉందట. ఇంట్లో ఇంకొకటి లేదని భార్య బతిమాలితే మెకానిక్‌ని పిలిచాను. ఆమె మాత్రం బండి దగ్గరికి రాలేక, జీపుకి అవతల కాఫీ మొక్కల దగ్గరే నిలబడిపోయింది.

ఆయన తట్టాడు. తలుపు వచ్చింది. ఫొటో కూడా దొరికింది. కొండ చెమ్మకి బూజు తినేసి, ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మరక మిగిలింది.

ఆయన ఫొటోని ఎక్కడిదక్కడే పెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు. తర్వాత ఆమెకి వినబడేలా అద్దాన్ని గట్టిగా తట్టాడు, ఒకటికి నాలుగుసార్లు.

"అడిగానమ్మా," అన్నాడు తల దించుకుని, "రానంటంది."