పేరు చెప్పకుండా చేసిన ప్రార్థన

మా సంఘంలో ‘భారం’ అనే మాట తరచుగా వినపడుతుంది. ఫలానా కుటుంబం గురించి నాకు భారం ఉంది, ఫలానా ఆత్మ కోసం భారంతో ప్రార్థించండి, అంటూ ఉంటాం. నేనూ ఆ మాట ఏళ్ళ తరబడి వాడాను. కానీ నిజంగా నా మీదున్న భారం గురించి ఇంతవరకు నోరు విప్పలేదు. అది ఎవరి ఆత్మ గురించో కాదు. నా నోటి గురించి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడక్కండి. నరసరావుపేటలో ఒక చిన్న బడిలో చాలా ఏళ్ళు పంతులమ్మగా చేశాను. అంతవరకు చాలు. పేరు దాచడం నాకు కొత్త కాదు.

ఎనభైల మొదట్లో మా వీధిలోకి సరోజ అద్దెకు వచ్చింది. కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది. భర్త పిడుగురాళ్లలో సున్నపు బట్టీల లారీ మీద ఉండేవాడు, వారానికోసారి వచ్చేవాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు పుట్టి, రెండేళ్ళకు జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత ఆమె ఏ దేవుడికీ దండం పెట్టలేదు. “కోటప్పకొండ ఎక్కాను, దర్గాలో చాదర్ కప్పాను, మీ గుళ్ళో కొవ్వొత్తి కూడా వెలిగించానే టీచరమ్మా. నా అర్జీని ఒకళ్ళ టేబుల్ మీంచి ఇంకొకళ్ళ టేబుల్ మీదికి నెట్టారు. ఈలోగా వాడు పోయాడు” అనేది. ఏడవకుండా చెప్పేది ఆ మాట. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

బడి వదలగానే వాళ్ళ గడపలో కూర్చునేదాన్ని. వాక్యం చెప్పాలనే వెళ్ళేదాన్ని, దాచడమెందుకు? ఆమె మొదటి రోజే కనిపెట్టింది. “చెప్పు చెప్పు, వద్దనను. ఖాళీ చేతుల్తో మాత్రం చెప్పమాక” అని నా ఒళ్ళో జాకెట్లు పడేసింది. అప్పట్నుంచి ఆమె మిషను తొక్కుతుంటే నేను హుక్కులు వేస్తూ, కాజాలు కుడుతూ ప్రభువు గురించి చెప్పేదాన్ని. ఒక ఉపమానం అయ్యేసరికి రెండు జాకెట్ల హుక్కులు అయిపోయేవి. మాటల్లో పడి చెయ్యి ఆపితే, “దేవుడు ఎక్కడికీ పోడు గానీ, ఈ జాకెట్టు రేపు పెళ్ళికి పోవాల” అని గదిమేది.

ఒకసారి, మీ బాబు దేవుడి దగ్గర హాయిగా ఉన్నాడు సరోజా, అన్నాను. మిషను ఆపేసింది. “ఆ మాట ఇంకోసారి అనమాక. తెలియకపోతే తెలియదని చెప్పు. అప్పుడు నువ్వు చెప్పే మిగతాయన్నా వింటాను” అంది. సరే, నాకు తెలియదు, అన్నాను. ఆ రోజు ఇంట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల టీ పెట్టుకొచ్చింది. ప్రతి క్రిస్మస్‌కీ నాకు ఒక జాకెట్టు ఊరికే కుట్టిచ్చేది. “మీ దేవుడి పుట్టినరోజుకి నా తరఫున” అనేది నవ్వుతూ. దేవుడు లేడనే మనిషి కుట్టిన జాకెట్టు వేసుకుని నేను గుడికి వెళ్ళేదాన్ని. అంత ఇష్టం ఆమె అంటే నాకు. ఇప్పటికీ.

అంత ఇష్టం ఉన్నదాన్ని అలా ఎలా చేశాను?

వీధి చివర సైకిల్ షాపు వాళ్ళ ఇంటావిడ మస్తాన్‌బీ మా ఇద్దరికంటే పెద్దది. మస్తానక్కా అని పిలిచేవాళ్ళం. ఒకరోజు సరోజ ఎడమచేతి చిటికెన వేల్లో మిషను సూది దిగింది. గుడ్డ మీద నెత్తురు పడితే తప్ప ఆమెకు తెలియలేదు. పక్కనే ఉన్న మస్తానక్క ఆ చెయ్యి తిప్పి చూసింది. మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ. మర్నాడే గుంటూరు ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. మా వైపు పేరు పెట్టి పలకడానికి కూడా భయపడి ‘పెద్దరోగం’ అంటారే, అదే. మాత్రలతో పూర్తిగా తగ్గిపోతుంది, ఎవరికీ అంటదు అని డాక్టరు చెప్పాడట. డాక్టరు చెబితే మాత్రం ఊరు వింటుందా? నెలనెలా దారాలు, గుండీలు కొనడానికని చెప్పి ఇద్దరూ గుంటూరు బస్సెక్కేవాళ్ళు.

భర్త కాక ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికే. నాకు చెప్పిన సాయంత్రం సరోజ చేతిలో పని లేదు. నేనే కాజాలు కుడుతున్నాను.

“మస్తానక్కకి తెలుసు, నీకు తెలుసు. మూడో మనిషికి తెలిస్తే నా మిషను మూలన పడ్డట్టే.”

“నేను ప్రార్థన చేస్తాను సరోజా.”

“చేసుకో. నీ దేవుడికి చెప్పుకో. మనుషులకి మాత్రం చెప్పమాక. ఆయనతో భయం లేదులే, ఎవరితోనూ మాట్లాడడుగా!”

ఇద్దరం నవ్వాం. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. మాట ఇచ్చినట్టే కదా అది?

శుక్రవారం పూట మా స్త్రీల సమాజం కూడేది. పది మందిమి. చివర్లో ఒక్కొక్కరూ ప్రార్థన విన్నపాలు చెప్పాలి. ఒకామె తన తోటికోడలు రక్షణలోకి వచ్చిందని సాక్ష్యం చెప్పింది, ఇంకొకామె పొరుగింటామె గుడికి రావడం మొదలుపెట్టిందని చెప్పింది. స్తోత్రం, స్తోత్రం అన్నారంతా. పాస్టరు అయ్యగారి భార్య నా వైపు తిరిగి, “టీచరమ్మా, మూడేళ్ళుగా ఆ గడపలో కూర్చుంటున్నావు, ఏమన్నా ఫలితం ఉందా?” అని అడిగింది. ప్రేమగానే అడిగింది పాపం. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నా దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేదు, హుక్కులు, కాజాలు తప్ప.

అప్పుడు నోరు తెరిచాను. పేరు చెప్పను అన్నాను. ఒక సోదరి ఉంది, కుట్టుపని మీద బతుకుతుంది, చేతికి స్పర్శ పోయింది, వేల్లో సూది దిగినా తెలియట్లేదు, ఆ జబ్బు ఏమిటో మీకే తెలుసు, ఆమె హృదయం మెత్తబడేలా ప్రార్థించండి, అన్నాను. పేరు చెప్పలేదు! దానికి ఎంత తృప్తి పడ్డానో. మా వీధిలో కుట్టుమిషను ఉన్న ఆడమనిషి ఇంకెవరున్నారని? అది నాకు తెలియదా? తెలుసు. తెలిసే, పేరు చెప్పలేదనే ఒక్క ముక్క అడ్డం పెట్టుకుని మిగతాదంతా చెప్పేశాను. అందరూ మోకాళ్ళూని ఏడ్చారు. ఆ ఏడుపు నాకు బాగుంది. మూడేళ్ళలో మొదటిసారి నా విన్నపానికి అంతమంది కన్నీళ్ళు పెట్టారు. ఇదే నేను ఎవరికీ చెప్పలేనిది, ఆ క్షణంలో నాకు బాగుంది.

పది రోజులు కూడా పట్టలేదు. ఒకామె వచ్చి కత్తెర పెట్టని గుడ్డ వెనక్కి అడిగింది. తర్వాత ఇంకొకామె. కుట్టిన జాకెట్లు తీసుకోవడానికి కూడా కొందరు రాలేదు. పెద్దరోగమంట, పెద్దరోగమంట అని వీధంతా గుసగుసలు.

బోరింగు పంపు దగ్గర సరోజ మస్తానక్కని నిలేసింది. వీధిలో ఆడవాళ్ళందరూ బిందెలు పట్టుకుని చూస్తున్నారు, నేను కూడా.

“చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయిందానివి, నీకు నోరెట్టా వచ్చిందక్కా? నా కడుపు మీద కొట్టావు గదే!”

టీచరమ్మ మీద ఆమెకు అనుమానమే రాలేదు. నేను మాట ఇచ్చానుగా, పైగా దేవుడి మనిషిని. మస్తానక్క నా వైపు చూసింది. తెలిసింది ఇద్దరికి, తను చెప్పలేదు. ఇక లెక్కేముంది? ఆ చూపు ఎంతోసేపు లేదు, బిందె సగం నిండేంత. నేను కళ్ళు దించుకున్నాను.

“సరేలే సరోజా. నేనే అనుకో” అంది. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజుకి ఉండబట్టలేక మస్తానక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె బియ్యం ఏరుతోంది. నేను నోరు తెరవకముందే అంది: “ఇప్పుడు పోయి చెప్పమాక. దానికి నువ్వొక్కదానివే మిగిలావ్. ఇద్దరం పోతే అది ఏమైపోవాల? పో, దాని పని చూడు.” ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే నిజం చెప్పేదాన్నేమో. ఆమె సెలవిచ్చింది కదా అని పట్టుకుని వచ్చేశాను. ఆ సెలవు నా కోసం కాదు, సరోజ కోసం ఇచ్చింది. ఎన్నాళ్ళకని ఇచ్చింది? అది నేను అడగలేదు. నాలుగు రోజులు గడిచాక చెబుదామనుకున్నాను.

సరోజ సిమెంటు గోతాలతో చేతిసంచులు కుట్టి నెట్టుకొచ్చింది. పక్కన కూర్చుని పిడులు కుట్టింది నేనే. నెలనెలా గుంటూరు తీసుకువెళ్ళింది నేనే. ఇదంతా ప్రేమేనా, పాపభయమా? రెండూ కలిసి ఉన్నాయి, ఏ పోగు ఏదో విడదీయలేను. రెండేళ్ళకు జబ్బు పూర్తిగా పోయింది. చిటికెన వేలు మాత్రం కొంచెం వంగిపోయింది.

ఆ తర్వాత ఒక ఆదివారం ఎవరూ పిలవకుండానే ఆమె గుడికి వచ్చింది. ఇంకొన్నాళ్ళకు బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజు ఆనవాయితీ ప్రకారం సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడింది. “టీచరమ్మ మూడేళ్ళు చెప్పిందేదీ నా బుర్రకి ఎక్కలా. కానీ ఊరంతా నా గుట్టు బయటపెట్టినా తను ఒక్కతే కడుపులో పెట్టుకుంది. మనిషిని ఇట్టా చేసే దేవుడెవరో చూద్దామని వచ్చాను” అంది. స్తోత్రం అన్నారు. ఆ శుక్రవారం నా విన్నపం విన్న తొమ్మిది మందీ అక్కడే ఉన్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. వాళ్ళలో ఎవరు బయటికి మోశారో వాళ్ళకు తెలుసు, వాళ్ళకు ఎవరు అందించారో నాకు తెలుసు.

అప్పుడు లేచి చెప్పాల్సింది. చెబితే ఆమె నమ్మకం ఏమవుతుందో అని భయపడ్డాను. నిజంగా ఆమె నమ్మకం గురించేనా? ఆమె కళ్ళలో నేను ఏమవుతానో అని కాదా? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. దేవుడు మన అబద్ధాల మీద నిలబడాల్సినంత బలహీనుడు కాదని నేనే పిల్లలకు పాఠం చెప్పేదాన్ని.

సరోజ, మస్తానక్క మళ్ళీ మాట్లాడుకోలేదు. ఒకే వీధి, ఒకే పంపు. మస్తానక్క కూతురి పెళ్ళికి పందిరి మా గుమ్మం దాకా వేశారు. సరోజ తలుపేసుకుంది. నేను వెళ్ళి బిర్యానీ తిని వచ్చాను. మస్తానక్కే కొసరి కొసరి వడ్డించింది.

పోయిన నెల మస్తానక్క పోయింది. కబురు తెలిసి సరోజ నా దగ్గరికి వచ్చింది, పోదాం పద అంది. ఇద్దరం వెళ్ళి ఆడవాళ్ళలో ఓ మూల కూర్చున్నాం. తిరిగి వచ్చేటప్పుడు దారిలో నా చెయ్యి పట్టుకుంది. ఆ వంగిన వేలు నా అరచేతికి తగులుతోంది.

“నేను దాన్ని ఎప్పుడో క్షమించానే టీచరమ్మా. పోయినోళ్ళ మీద కోపమేంది? క్షమించటం నువ్వే గదా నేర్పింది” అంది.

నేను ఊఁ అన్నాను. అంతే అన్నాను.

చేయని తప్పుకు మస్తానక్కకు క్షమాపణ దొరికింది. చేసిన నేను ఇంకా ఆ చెయ్యి పట్టుకునే నడుస్తున్నాను. మొదట ఈ కాగితం సరోజకే చదివి వినిపించాలని రాయడానికి కూర్చున్నాను. పిరికిదాన్ని, మీకే రాస్తున్నాను. సాయంత్రం ఆమె వస్తుంది, కళ్ళజోడు తెచ్చుకుని నా పక్కనే కూర్చుంటుంది. కాగితం బల్ల మీదే ఉంటుంది. దాచాలని మాత్రం లేదు.

ఈసారి పేరు పెట్టే రాస్తున్నాను. సరోజా, నీ మాట బయట పెట్టింది మస్తాన్‌బీ కాదు. నేను.