పక్క సీటులో ఉస్తాద్

బోధన్‌లో నా కారు బాగుచేసే ఉస్తాద్ పోయిన వారం చనిపోయారు. పొద్దున చాయ్ తాగి, షెడ్డు తాళం తీయబోతూ గుండెపోటుతో పడిపోయారట. ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. సిగ్గుపడాల్సిన మాటే అయినా దాచుకోను. నా ఎర్ర కారు ఆ షెడ్డులోనే ఉంది. షెడ్డు అద్దెది, త్వరలో ఖాళీ చేస్తారట. అక్కణ్ణుంచి ఆ బండిని నేనొక్కదాన్నే తోలుకురావాలి.

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకునేదానివి, నలభై ఆరేళ్ల వయసులో నీకు రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఎందుకని మీరు అడగొచ్చు. చిన్నప్పటి ఆశ. చవగ్గా దొరికింది. హైదరాబాద్‌లో, ఎవరికీ చెప్పకుండా, ఫొటో చూసి మనసు పారేసుకుని కొనేశాను. ఉస్తాద్‌కు ఆ తర్వాతే చూపించాను. ఆయన ఇంజన్ జోలికే పోలేదు. సీటు బెల్టును చివరిదాకా లాగి, కొసన ఎండిపోయిన బురద చారను వేలితో చూపించారు.

"బేటీ, గిది వరదల మునిగిన బండి. పైపైన కడిగి అమ్మిండ్రు. లోపల వైర్లకు తుప్పు వట్టింది. ఎప్పుడు ఏది ఆగుతదో ఖుదాకే ఎరుక. కొనేముందు నన్నొక్క మాట అడగకపోతివి."

"వాపస్ తీసుకోం అంటున్నరు ఉస్తాద్."

"ఎందుకు తీసుకుంటరు మల్ల? సరే, ఇడిసిపెట్టి పో. జర టైం వడతది."

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. బాగుచేసిన బండి తాళం ఊరికే చేతికిచ్చి పంపేవారు కాదు. ఓనరు తోలాలి, తాను పక్కన కూర్చోవాలి, పక్కనున్న రెంజల్ ఊరి దాకా పోయి రావాలి. "నేనెక్కని బండిల నిన్నెట్ల కూసోవెడత?" అనేవారు. నా కారు నెలకోసారైనా మొరాయించేది కాబట్టి, నెలకోసారి నా పక్కన కూర్చునేవారు.

చెరకు కొట్టే రోజుల్లో ఆ రోడ్డంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. నా బండి నేలకు కరుచుకుని ఉంటుంది, ట్రాక్టరు డ్రైవర్ల కంటికి ఆనదు. ట్రాలీల వెనక వేలాడే గడలు సరిగ్గా నా మొహం ఎత్తున ఉంటాయి. ఒకరోజు అలాంటి ట్రాలీ వెనకే పోతూ బ్రేకు నొక్కితే, పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. కెవ్వుమన్నాను.

"గేర్ దించు. ఇంకోటి దించు. హ్యాండ్ బ్రేక్ మెల్లగ గుంజు. ఏం గాదు, నేనున్న."

చెరకు ఆకులు అద్దాన్ని గీరుతుండగా కారు ఆగింది. నేను స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నాను. ఆయన మాత్రం తీరిగ్గా దిగి, బానెట్ ఎత్తి చూసి, "చాయ్ తాగుదాం పా" అన్నారు. ఈ మనిషికి భయమనేదే లేదని కుళ్లుకున్నాను కూడా.

మంచి రోజులూ ఉన్నాయి. ఒక పొద్దున రోడ్డు ఖాళీగా కనబడితే "జర కొట్టు బేటీ" అని ఆయనే అన్నారు. మూడో గేరులో ఇంజన్ గొంతు మారింది. రెండు పక్కలా పసుపు చేలు వెనక్కి పరిగెత్తాయి. నేను పగలబడి నవ్వాను, ఆయనా నవ్వారు. ఆ రెండు నిమిషాల కోసం ఎంత భయమైనా పడొచ్చనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

నిన్న వాళ్లింటికి పలకరించడానికి వెళ్లాను. ఆయన భార్యను నేను ఖాలా అంటాను.

"నీ బండెక్కి వచ్చిన దినం అన్నం సుత సరిగ తినకపోతుండె బేటీ" అంది ఖాలా. "చేతులు వణుకుతుండె. గంత భయమైతె ఎందుకు కూసుంటవని అడిగితె, 'ఆమె ఒక్కతె ఎట్ల పోతది' అంటుండె."

అక్కణ్ణుంచి షెడ్డుకు వెళ్లాను. స్టీరింగు ముందు కూర్చునే ధైర్యం చాలక, అవతలి తలుపు తీసి ఆయన సీటులో కూర్చున్నాను. కాళ్ల కింద మ్యాట్ ఒక్కచోటే, కుడి పాదం ఆనే చోట, అరిగి చిల్లు పడింది. అటువైపు బ్రేకు ఉండదు. నా పక్కన కూర్చున్న ప్రతిసారీ ఆయన అక్కడే నొక్కుతూ వచ్చారు.