పాలు తాగిన జెర్రిపోతు

ట్రాయ్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక జెర్రిపోతుల జంట ఉండేది. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల రకం, ఒళ్లంతా నారింజ రంగు. పెన్సిలంత సన్నటి పిల్లలుగా కొని, నాలుగేళ్లు ఎలుకలు పెట్టి పెంచాను. వాటిని జతకట్టించాలంటే ముందు చలికాలమంతా చల్లటి పెట్టెలో నిద్రపుచ్చాలి. అందులోకి దించేముందు కడుపు పూర్తిగా ఖాళీ కావాలి. లోపల ఏదైనా మిగిలితే ఆ చలికి అరగదు, కుళ్లుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అయినా నా నోరు ఊరుకోదు. ఒక విందులో, కొడుకుని చూడ్డానికి వచ్చిన మిత్రుడి తల్లి దగ్గర, మా ఆడపాము నాగజాతిదనీ, నాగుల చవితికి పాలు తాగుతుందనీ కోతలు కోశాను.

"తాగకపోతే?" అన్నాడు మిత్రుడు.

"మీసం తీసేస్తా గురూ!"

పాము పాలు తాగదు. దాహంతో చస్తుంటే ఏదైనా తాగుతుంది. చవితికి రెండు వారాల ముందే దాని నీళ్ల గిన్నె తీసేశాను. చర్మం ముడతలు పడింది. గిన్నె ఉండే మూలనే ముక్కుతో పొడుస్తూ తిరిగేది.

"గిన్నె ఏదండీ?" అంది మా ఆవిడ.

"కడగడానికి తీశాను."

"వారం నుంచీ కడుగుతున్నారా?"

చవితినాడు పెద్దావిడ వెండి గిన్నెలో పాలు తెచ్చారు. "పడగేది నాయనా?"

"ఇక్కడ పడగ విప్పాలంటే పర్మిట్ కావాలి పిన్నిగారూ."

పాము మూతి ముంచి, తల ఎత్తకుండా తాగింది. ఆవిడ కళ్లనీళ్లతో దండం పెట్టారు. నా మీసం నిలిచింది.

మర్నాడు నీళ్లు పెట్టాను. మరో నెల వెచ్చగా ఉంచితే బతికేదేమో. ఆలస్యమైతే వసంతానికి జతకట్టవని, వారం తిరక్కుండానే రెండింటినీ చలిపెట్టెలోకి దించాను. ఫిబ్రవరిలో మూత తీస్తే మగది నాలుక ఆడించింది. ఆడది పొట్ట ఉబ్బి, కుళ్లి, కంపు కొడుతోంది.

ఆ ఆదివారమే పెద్దావిడ ఫోన్ చేశారు. "నాగమ్మ గుడ్లు పెట్టిందా నాయనా?"

"పోయింది పిన్నిగారూ. మీరు పాలు మరీ ఎక్కువ పోశారు."

"నేనే చంపుకున్నానా?"

"మీరేం కావాలని చేశారా!" అని ఓదార్చాను.

ఆనాటి నుంచి ఆవిడ పాలు ముట్టడం లేదట. పాలు లేని కాఫీ తాగి మొహం చిట్లిస్తున్నారట. మిత్రుడు ఇంటికొచ్చి అడిగాడు, "నిజం చెప్పు గురూ, పాల వల్లేనా?"

"వంద శాతం," అన్నాను.