ఎగువ కొసన పెద్దల్లుడు

మా అత్తగారింట్లో అన్నింటికీ ముందు పెద్దల్లుడే. ఇది ఆ ఇంటి ఆచారం. విస్తరి ముందు పెద్దల్లుడికి పడాలి. నీళ్లచెంబు ముందు పెద్దల్లుడి చేతికి రావాలి. గుమ్మం ముందు పెద్దల్లుడే దాటాలి. ఒకసారి పెరట్లో తేలు కనిపిస్తే దాన్ని చూడటానికి కూడా నన్నే ముందు పిలిచారు.

నేను కేతేపల్లి వైపు నుంచి కొల్లాపూర్‌కు అల్లుడిగా వెళ్లిన కొత్తలో, అంటే ఎనభైల నడుమ, ఆ ఇంటికి ఉన్నది నేనొక్కణ్నే. పెద్దల్లుణ్నీ నేనే, చిన్నల్లుణ్నీ నేనే. నేను బస్సు దిగి వీధి మలుపు తిరిగితే చాలు, ఆ ఇంటి కోళ్లు తమంతట తామే గంప కింద దూరి దాక్కునేవి.

తర్వాత మా మరదలికి పెళ్లయింది. నాకు షడ్డకుడు వచ్చాడు. తోడల్లుణ్ని మా దిక్కు షడ్డకుడు అంటారు. పళ్లు కొరకకుండా ఆ మాట పలకడం నాకు ఇప్పటికీ చేతకాదు.

అతనిది నారాయణపేట, చీరల వ్యాపారం. ఛాతీ ఎంత వెడల్పంటే, వెల్లకిలా పడుకుంటే పక్కపక్కన రెండు క్యారంబోర్డులు పరిచి ఆడుకోవచ్చు. నవ్వితే పక్క వీధిలో పడుకున్న పిల్లలు లేచి, ఏడవబోయి, తామూ నవ్వేవారు. నా సంగతి వేరు. నేను పక్కకు తిరిగి నిలబడితే మా ఆవిడ నా కోసం ఇల్లంతా వెతికేది. అయినా సరే, వరుసలో నేను ముందు. నా ఆస్తి అంతా అదే. ఛాతీ అతనిదైనా మొదటి విస్తరి నాది.

అందుకే ఒకరోజు మా అత్తగారు వంటింట్లో అన్న మాట నా చెవిన పడి గుండెలో గుచ్చుకుంది.

"చిన్నల్లుడు తింటాంటె వండినందుకు కడుపు నిండుతదే."

ఆ పూట నేను ఎన్ని జొన్నరొట్టెలు తిన్నానో చెప్పను. తిని లేవబోతే మా ఆవిడ చెయ్యి పట్టి లేపాల్సి వచ్చింది. మా అత్తగారు మాత్రం "పెద్దల్లునికి పానం బాగ లేనట్టుంది" అని వాము నీళ్లు కాచి ఇచ్చారు. అయితే ఆ నీళ్లు కూడా ముందు నాకే ఇచ్చారు.

ఆ ఏటి శ్రావణంలో మొక్కు తీర్చడానికి నల్లమల అడవిలోని లింగమయ్య దగ్గరకు బయలుదేరాం. ఇద్దరు బిడ్డల్నీ ఇద్దరు అల్లుళ్లనూ వెంటబెట్టుకుని కొండకు వస్తానని మా అత్తగారు మొక్కుకున్నారట. లోకమంతా చైత్రంలో, వాగులు ఎండినప్పుడు వెళ్తుంది. మా అత్తగారి మొక్కు మాత్రం శ్రావణ సోమవారానికి పడింది. మామగారు మోకాళ్లు చూపించి ఇంట్లోనే ఉండిపోయారు. ఆయన తెలివైనవారు.

అడవి అంచున బస్సు దిగి నడక మొదలుపెట్టాం. ముందు నేను, నా వెనక అత్తగారు, ఆమె వెనక ఇద్దరు అక్కాచెల్లెళ్లు, అందరికంటే వెనక షడ్డకుడు. నెత్తిన బియ్యం మూట పెట్టుకుని, చేతులు ఊపుకుంటూ, ఈల వేసుకుంటూ వస్తున్నాడు. నా సంచిలో కొబ్బరికాయలు, వాటి కింద కొత్త పట్టుపంచె. లింగమయ్య ముందు అతను ఎలా నిలబడతాడో తెలుసు కనుక, నేను ఎలా నిలబడాలో నెల ముందే ఆలోచించి కొన్నాను.

మొదటి వాగుకు చీలమండ కూడా తడవలేదు. నేను పంచె మోకాళ్లపైకి కట్టి, కర్రతో నీటిని మూడుచోట్ల పొడిచి చూసి, ఆకాశం వంక చూసి, దాన్ని కృష్ణానదిలా దాటాను. అవతలి ఒడ్డున నిలబడి "రండి, ఫికర్ లేదు" అని చెయ్యి ఊపాను. మా అత్తగారి ముఖంలో అల్లుడి మీద గర్వం కనిపించింది. కనిపించలేదని మా ఆవిడ అంటుంది. ఆమెకు దూరపు చూపు తక్కువ.

రెండో వాగు అలా లేదు. ఎగువన ఎక్కడో వాన పడ్డట్టుంది, ఎర్రమట్టి నీళ్లు. దాని హోరుకు కొండమీది కోతులు చెవులు మూసుకున్నాయి. వంతెన లేదు, కనీసం అడ్డంగా పడ్డ చెట్టయినా లేదు. పెద్దల్లుడు అడుగు పెట్టనిదే ఎవరూ పెట్టకూడదు కనుక అందరూ నా వైపు చూశారు. నేను అటూ ఇటూ చూసి, రెండు బండల మధ్య నాలుగంగల్లో దాటగలిగే చోటు ఎంచాను.

"ఇక్కడే," అన్నాను.

షడ్డకుడు మూట దించి నా పక్కకు వచ్చాడు. "వద్దన్నా. సన్నగున్నకాడ లోతుంటది, గుంజుడు గూడ ఎక్కువుంటది. జర కిందికి పోదాం. గా ఎడల్పుకాడ రాళ్లు తేలినయి, మోకాలి మట్టమే ఉంటది."

"నీకెట్ల తెలుసు?"

"చిన్నప్పుడు మా బాపుతోని సంతలకు పోయేటోన్ని గద. నెత్తి మీద చీరల మూట, కింద వాగు. చీర తడిస్తె మా బాపు చీరనూ ఎండేసేటోడు, నన్నూ ఎండేసేటోడు. గట్ల నేర్చిన." అని నవ్వాడు. ఆడవాళ్లు ముగ్గురూ నవ్వారు. వాగు అంచున నేను ప్రాణం లెక్కచెయ్యకుండా నిలబడితే ఎవరూ నవ్వలేదు సరే, కనీసం భయపడనూ లేదు.

కింది వెడల్పు చోటికి వెళ్లాం. అతను నీటి అంచున ఒక పుల్ల గుచ్చి "గీ పుల్ల ఒడ్డుకు పడేదాంక కూసుందాం, నీళ్లు తీస్తయి" అన్నాడు. కూర్చున్నాం. సత్తుపిండి తిన్నాం. మొదటి ముద్ద నాకే వచ్చింది కానీ, తింటున్నంతసేపూ మా అత్తగారి చూపు ఆ పుల్ల మీదే ఉంది. పుల్లను చూసి కూడా కుళ్లుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నీళ్లు తీశాయి. పుల్ల కూడా అతని మనిషే.

అతను పొదలోంచి పొడుగాటి వెదురు బొంగు కొట్టుకొచ్చాడు. "అందరం పక్కపక్కన నిలబడి గీ బొంగును నీళ్లు పారే దిక్కుకు పట్టుకోవాలె. ఎగువ కొసకు ఉన్నోడు నీళ్లను ఆపుతడు, మిగిలినోళ్లు ఆ సాటున నడుస్తరు. అందరం ఒక్కసారే అడుగెయ్యాలె. అన్నా, సంచి మెడకు ముడేసుకోకు. ఒక్క భుజానికేసుకో, పడితె ఇడిసిపెట్టనీకి వస్తది." అని చెప్పి ఎగువ కొసన నిలబడబోయాడు.

"ఆగు చిన్నల్లుడా," అన్నారు మా అత్తగారు. "గాడ పెద్దల్లుడు నిలబడాలె."

నా ప్రాణం లేచొచ్చింది.

"అత్తా, గాడ బరువున్నోడు ఉండాలె."

"బరువు జూసి పిల్లనిచ్చిన్నా? ముందల నిలబడేది పెద్దల్లుడే. కొత్త పద్ధతులు నాకు జెప్పకు."

"అవ్వా, జర ఇనరాదె," అంది మా ఆవిడ తల్లితో. "ఈయనను గాలే నూకుతది. నీళ్లు నూకయా?"

నేను మా ఆవిడను ఒక చూపు చూసి, వెళ్లి ఎగువ కొస పట్టుకున్నాను. ఎగువంటే పైన. పైనంటే ముందు. ఇందులో ఎవరికీ సందేహం ఉండకూడదు. నా పక్కన అత్తగారు, తర్వాత మా ఆవిడ, తర్వాత మరదలు, దిగువ కొసన అతను. మా ఆవిడ కళ్లు మూసుకుంది. దేవుణ్ని తలుచుకుంటున్నది కాబోలనుకున్నాను.

నాలుగైదు అడుగులు రాజాలా వేశాను. ఆ తర్వాతి అడుగుకు కింద నేల లేదు. నేలే కాదు, నా కాళ్లు కూడా ఉండాల్సిన చోట లేవు. అవి దిగువకు బయలుదేరి మా అత్తగారి నడుము చుట్టుకున్నాయి. నేను బొంగును కౌగిలించుకుని, దండెం మీది ధోవతిలా అడ్డంగా రెపరెపలాడాను. నోట్లోకి వచ్చిన నీళ్లతో కొల్లాపూర్ మామిడితోటలన్నీ ఒక వేసవి తడుపుకోవచ్చు.

"బొంగిడువకు అన్నా! సంచిడువు!" అని అరిచాడు షడ్డకుడు.

నేను వదలక్కర్లేకుండానే సంచి భుజం మీంచి జారి పోయింది. మెడకు కట్టుకుని ఉంటే నన్నూ తీసుకుపోయేదని తర్వాత అందరూ తలా ఒకసారి చెప్పారు. నిజమే. కానీ కట్టుకుని ఉంటే పట్టుపంచె నా దగ్గరే ఉండేది కదా.

మా అత్తగారు ఒక చేత్తో బొంగు, మరో చేత్తో నా జుట్టు పట్టుకున్నారు. "ముందలికి పోవద్దు! ఎన్కకు, ఎన్కకు!" అని అతను అంటుంటే నలుగురూ ఒక్కో అడుగే వెనక్కి వేసి, నన్ను బయలుదేరిన ఒడ్డుకే తెచ్చి పరిచారు.

నేను దగ్గడం అయిపోయేదాకా మా అత్తగారు నా వీపు చరిచారు. కొంగు పిండుకున్నారు. వాగు వంక చూశారు, నా వంక చూశారు, అతని వంక చూశారు.

"పెద్దల్లుడా," అన్నారు మెల్లగా. "ఇంట్ల నువ్వే ముందల. నీళ్లల్ల మాత్రం చిన్నల్లుడు."

"అత్తా, ఒక్క బండ తప్పింది అంతే. ఈసారి—"

"నా బిడ్డ మొకం జూడు," అన్నారావిడ.

చూశాను. మా ఆవిడ రెండు చేతులతో బొంగును అలాగే పట్టుకుని కూర్చుని ఉంది. ఒడ్డున ఉన్నా వదల్లేదు.

తరాలుగా వస్తున్న ఆచారం నడి వాగులో రెండు ముక్కలైంది. పొడిది నాకు వచ్చింది, తడిది అతనికి పోయింది.

రెండోసారి ఎగువ కొసన అతను నిలబడ్డాడు. ఆ ఛాతీ అడ్డం పడగానే అంత వాగూ మేకపిల్లలా పక్కకు తప్పుకుంది. అతని వెనక మిగిలిన నీళ్లలో చంటిపిల్లకు స్నానం చేయించవచ్చు. నన్ను దిగువ కొసన పెట్టారు.

"కింది కొసకు గూడ గట్టి మనిషి గావాలె అన్నా," అన్నాడు అతను. అబద్ధం. మంచి మనసుతో చెప్పాడు. మంచి మనసు కూడా అతనికే ఉండాలా?

లింగమయ్య దగ్గర అతని లుంగీ కట్టుకుని నిలబడ్డాను. అది నా చుట్టూ రెండున్నర చుట్లు తిరిగింది. ఆచారం ప్రకారం తీర్థానికి ముందు నేనే చెయ్యి చాచాలి. చాచబోయి ఆగాను. తీర్థం ఇంటి లెక్కలోకి వస్తుందా, నీళ్ల లెక్కలోకి వస్తుందా? అతను నా అనుమానం కనిపెట్టి ఒకడుగు వెనక్కి వేసి, "నువ్వు పట్టు అన్నా," అన్నాడు. పుచ్చుకున్నాను. అది నాకు దక్కిన మర్యాద కాదు, అతను ఇచ్చిన మర్యాద. లింగమయ్య సాక్షిగా చెబుతున్నాను, అంత చేదు తీర్థం నేనెప్పుడూ తాగలేదు.

సాయంత్రం తిరుగుదారిలో వాగు ఒడ్డుకు రాగానే ఎవరూ ఎవరినీ అడగలేదు. అత్తగారు "చిన్నల్లుడా" అన్నారు, అతను వెళ్లి ఎగువ కొస పట్టుకున్నాడు, అందరం దిగాం. నేను దిగువ కొసనుంచి వరుసంతా చూస్తూ నడిచాను. నడి వాగులో మా ఆవిడ కళ్లు తెరిచే ఉంది. తెరవడమే కాదు, నీళ్ల వంక చూసి నవ్వుతోంది కూడా. పెళ్లయిన ఇన్నేళ్లలో నా వెనక నడుస్తూ ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

ఒడ్డెక్కగానే పక్కకు పిలిచాను.

"నీళ్లల్ల ఎందుకు నవ్వినవ్?"

"నవ్విన్నా?" అంది ఆమె చీర కుచ్చిళ్లు పిండుకుంటూ. "నాకు ఎర్కనే లేదు."

కావాలని నవ్వి ఉన్నా నాకు అంత మండేది కాదు.