గడి మింగిన సెకన్లు

ఆఫీసులో ఆమెను జల్లెడ అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె పట్టించుకోదు. పదేళ్లకు పైగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి జీతం తీసుకుంటోంది. ఇంటికి తాళం వేశాక కూడా ఒకసారి లాగి చూసే రకం.

ఆ రోజు ఆమె లాగి చూస్తున్నది సొంత తోడికోడలి పని. అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లను నమోదు చేసే తెర మీద తేదీ, సమయం నింపే గడిని చిన్నామె తయారుచేసింది. సాయంత్రానికి అది పాసైతే ఉద్యోగం ఖాయం, లేకపోతే ప్రొబేషన్ పొడిగింపు. మేనేజరు పొద్దున్నే ఆ ముక్క చెవిన వేశాడు.

టెస్టు మళ్లీ ఎర్రగానే, ఫెయిలనే వచ్చింది.

చిన్నామె కుర్చీ దగ్గరకు లాక్కుంది. "అక్కా, గడిలో నిమిషాల వరకే ఉంటుంది. లోపల దాచిన టైములో సెకన్లు కూడా ఉంటాయి. రెండూ ఎలా కలుస్తాయి? నీ టెస్టులో సెకన్లు తీసేసి పోల్చు. పచ్చగా వస్తుంది."

"వస్తుంది. నా భయమూ అదే."

"కోడిగుడ్డుకు ఈకలు పీకడంలో నీ తర్వాతే ఎవరైనా."

జల్లెడ కీబోర్డు మీదకు వంగింది. ఒకే నిమిషంలో రెండు ఉత్తుత్తి ఫోన్లు నమోదు చేసింది. ముందు వచ్చింది వరుసలో పైన నిలిచింది. రెండోదాన్ని తెరిచి, ఇంటి నంబరు దిద్ది, సేవ్ నొక్కింది. గడి సెకన్లను మింగేసింది. నిమిషం మొదట్లోనే వచ్చినట్టు, వెనకది ముందుకెక్కి కూర్చుంది.

"అర నిమిషమేగా" అంది చిన్నామె. గొంతులో పస లేదు.

"పంపడానికి బండి ఒక్కటే ఉంటే?"

అంతలో మేనేజరు బ్యాగు భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. "ఏమ్మా, తోడికోడళ్ల పంచాయితీ తేలిందా? పాసేనా?"

చిన్నామె తలెత్తలేదు. అత్తగారు, మరిది జల్లెడ కళ్ల ముందు మెదిలారు. రేపు పొద్దున తోడికోడళ్లిద్దరూ ఒకే పొయ్యి దగ్గర నిలబడాలి.

"ఫెయిల్ సార్."

"అయితే ఇంకో మూడు నెలలు" అని ఆయన లిఫ్టు వైపు నడిచాడు.

తిరుగు దారిలో జల్లెడే స్కూటర్ నడిపింది. చిన్నామె రోజూలా ఆమె భుజం పట్టుకోలేదు. సీటు వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. చాలా దూరం వెళ్లాక, గాలితో అన్నట్టు అంది: "సెకన్లు పైకి కనిపించకపోయినా గడి వెనక దాచుకోవచ్చు. టైము ఎవరూ ముట్టుకోకపోతే పాతదే తిరిగి పంపాలి."

"ముట్టుకుంటే?"

వెనక కడ్డీ మీద గోళ్లు టకటకలాడాయి.

"ఆలోచించనీ. బండి చూసి నడుపు" అంది చిన్నామె. చెయ్యి మాత్రం కడ్డీ మీదే ఉంది.