ప్రేక్షకులకు పన్నెండు సూచనలు, ఒక ఈల

తెలంగాణ రాష్ట్రం వచ్చాక నాలుగో ఎండాకాలం, మే నెలలో, మహబూబ్‌నగర్‌లో బాలికల రాష్ట్రస్థాయి టెన్నిస్ పోటీలకు నాకు డ్యూటీ వేశారు. అప్పటికి నేను అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి, జనం మాటలో పీఈటీ సారును. కబడ్డీ, ఖోఖో తప్ప మరో ఆట నేర్పి ఎరగను. అందుకే కాబోలు, ఆటకు దూరంగా ఉంచి ప్రేక్షకుల బాధ్యత అప్పగించారు.

బాధ్యతను తేలికగా తీసుకునే రకం కాదు నేను. రెండు రోజులు నియమాల పుస్తకం చదివి, ‘ప్రేక్షకులకు పన్నెండు సూచనలు’ అని కరపత్రం వేయించాను. నీళ్ల సీసా, టోపీ మీరే తెచ్చుకోండి. మధ్యాహ్నం తర్వాత పడమటి మెట్ల మీద కూర్చోండి, ఎండ వీపున పడుతుంది తప్ప కళ్లలో పడదు. బేసి గేములు ముగిశాక ఆడేవాళ్లు వైపులు మారతారు. లేవాలన్నా, లోపలికి రావాలన్నా ఆ తొంభై సెకన్లలోనే. సర్వీసుకు బంతి ఎగరేసింది మొదలు పాయింటు ముగిసేదాకా చప్పుడు చేయరాదు. ఇలా పన్నెండు.

కబడ్డీ చూస్తూ గొంతు పోయేదాకా అరిచే జనానికి ఇది వింతగా తోచింది. "నోరు మూసుకొని చూసుడేంది సారు, గిది ఆటనా, పరీక్షనా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. అయినా నాలుగు రోజుల్లో అందరినీ దారికి తెచ్చాను. నా అంతటివాడు లేడనుకున్నాను కూడా.

సూచనలను అక్షరాలా పాటించింది మాత్రం బాలమ్మ. కొత్తకోట దగ్గర సర్కారు హాస్టల్లో వంట చేసే మనిషి. ఆమె కూతురు మౌనిక ఫైనల్‌కు వచ్చింది. గెలిచిన పిల్లకు హైదరాబాద్‌లో మూడేళ్లు ఉచితంగా శిక్షణ, వసతి. మరుసటేడుకు వయోపరిమితి దాటుతుంది కనుక మౌనికకు అదే చివరి అవకాశం. బాలమ్మ చదువుకోలేదు. పక్కవాళ్లతో కరపత్రం చదివించుకొని, గాజులు చప్పుడు కాకుండా రెండు చేతులకూ దస్తీలు చుట్టుకొని కూర్చుంది.

అంత అవసరం లేదమ్మా అన్నాను.

"ఉండనియ్ సారు. నా చెయ్యి ఊకుండదు. నా వల్ల పిల్ల ఆట చెడొద్దు" అన్నది.

మూడో సెట్లో మౌనికకు మ్యాచ్ పాయింటు వచ్చింది. అదొక్కటి గెలిస్తే కప్పు ఆమెదే. అవతలి పిల్ల కొట్టిన బంతి కురచగా పడింది. మౌనిక ముందుకు ఉరికింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ముఖ్య అతిథి కారు దిగారు.

ముఖ్య అతిథి వస్తే పీఈటీ ఈల వేయాలి, జనం లేవాలి. పంద్రాగస్టులకూ వార్షికోత్సవాలకూ ఉద్యోగమంతా నేను చేసిన పని అదే. మెడలోని ఈల నోట్లోకి ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు. గట్టిగా ఊదాను. జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. బాలమ్మ ఒక్కతే లేవలేదు. పాయింటు ఇంకా ముగియలేదు కదా.

ఆట ఆపారనుకొని అవతలి పిల్ల రాకెట్ దించేసింది. మౌనిక కొట్టిన బంతి గీత లోపలే పడింది. అంపైర్ ‘లెట్’ అన్నారు, అంటే ఆ పాయింటు లెక్కలోకి రాదు, మళ్లీ ఆడాలి. న్యాయమైన నిర్ణయమే. మళ్లీ ఆడిన పాయింటు మౌనిక పోగొట్టుకుంది. ఆ తర్వాత గేము, సెట్టు, హైదరాబాద్ సీటు వరుసగా పోయాయి.

బహుమతి సభలో ముఖ్య అతిథి ప్రేక్షకుల క్రమశిక్షణను మెచ్చుకొని నాకు శాలువా కప్పారు. మే నెల ఎండకు తోడు సిగ్గు. చెమటలు కారుతుండగా దిగి వచ్చి బాలమ్మ దగ్గర నిలబడ్డాను. ఆమె దస్తీలు విప్పుకుంటూ, కోపం లేకుండానే అడిగింది.

"గా కాయితం మీకు ఇయ్యలేదా సారు?"

మరుసటేడు కరపత్రంలో పదమూడో సూచన చేర్చాను: నిర్వాహకులు తమ ఈలలు గేటు దగ్గర అప్పగించి లోపలికి రావాలి. నియమం రాసేవాడు ముందు తన మెడలో ఏముందో చూసుకోవాలని ఆ డ్యూటీలో తెలిసింది. మొదటి ఈల నేనే అప్పగించాను. ఆ ఏడు ఆడేవాళ్ల జాబితాలో మౌనిక పేరు లేదు.